మత్తెక్కని చెవి

రఘుపతి అసొంటి బామ్మర్ది పగోనికి గూడ వద్దు. నా పెండ్లాం తోడబుట్టినోడు గాకపోతే వాని పేరు నా నోట్లెకెల్లి వచ్చేది గాదు. మెదక్‌ల మేము కిరాయికున్న ఇంటికి పొద్దున మాపున వచ్చి, నా కంచంల తిని, నా మంచం మీద కూసోని, ఆపరేషన్ బల్ల మీద నేను విన్నదంత కల అని వాడకట్టుకు చాటింపు చేసింది వాడే. "బావకు మత్తుల సినిమా కనవడ్డది, అది గూడ టికెట్ లేకుండ" అని నవ్విచ్చేటోడు. నవ్వినోళ్లల్ల నా భార్య యాదవ్వ గూడ ఉన్నది.

వెనకటి సంగతి యాదికి లేనోళ్లకు నాలుగు ముక్కలల్ల చెప్త. నేను ఎల్లంను. బోరు మోటర్లకు వైండింగ్ చేసే దుకాణం నాది. ఏడో తరగతిల బడి ఇడిచిపెట్టినోన్ని. కడుపుల రాళ్లున్నయి, గాల్ బ్లాడర్ తీసెయ్యాలె అన్నరు. రఘుపతి పనిచేసే నర్సింగ్ హోంలనే చేయించుకున్న. వాడక్కడ ఆపరేషన్ థియేటర్‌ల మత్తు డాక్టరుకు కింద మనిషి. ఆపరేషన్‌కు ముందు వాడే నా చెవి కొరికిండు. "బావా, బల్ల మీద ఏమన్న అయితే భూమి నీ పేరు మీదనే ఉండిపోతది. విరాసత్ పట్టా కోసమని అక్క ఎమ్మార్వో ఆఫీసు చుట్టు చెప్పులు అరిగెదాక తిరగాలె. ముందుగాల్నే అక్క పేరు మీద చేసెయ్యి, నిశ్చింత" అన్నడు. చావు భయం ముందల తెలివి ఎంతసేపు నిలుస్తది? మా దిక్కు ఆపరేషన్‌కు పొయ్యేటోళ్లు మొక్కు మొక్కుతరు, యాటను కోస్తరు. నేను పట్టా మార్పిచ్చిన.

బల్ల మీద నడుమల నాకు మెలకువ వచ్చింది. కండ్లు తెరవరాలే, వేలు కదపరాలే, గొంతుల గొట్టం ఉండె. కడుపుల మంది చేతులు. ఆ నొప్పి సంగతి పోయినసారి చెప్పిన, మళ్ల చెప్ప. ఆ నొప్పిలనే రఘుపతి గొంతు విన్న. ఫోన్ల ఎవరితోనో అంటున్నడు: "అక్కను కారెక్కించుకొని పో. బావ కడుపు తెరిచే ఉన్నది, ఇప్పట్ల లేవడు. ఆయనకు ఎరుకయ్యే సరికి రిజిస్ట్రేషన్ అయిపోవాలె."

తెలివొచ్చినంక యాదవ్వను అడిగితే, "నేను ఎక్కడికి పోలే, తలుపు కాడనే కూసున్న" అన్నది. మత్తు డాక్టరు రూముకు పోయి అడిగితే ఆయన కుర్చీల ఎనకకు ఒరిగి నవ్విండు. "మత్తుల గిట్లాంటివి మస్తు కనవడుతయి. మరీ పరేషాన్ ఉంటే మనసు డాక్టరుకు చూపెట్టుకో" అన్నడు.

మీసేవకు పోయి భూమి ఎవరి పేరు మీద ఉన్నదో చూసుకోవచ్చు గద అని మీకు అనిపిస్తది. నాకూ అనిపిచ్చింది. రెండుమార్లు చెప్పులేసుకొని గడప దాక పోయి మళ్ల వచ్చి పండుకున్న. కల అయితే నా పెండ్లాం మంచిది, నేను పిచ్చోన్ని. కల గాకపోతే నేను మంచిగనే ఉన్న, నాకు పెండ్లామే లేదు. ఈ రెండిట్ల ఏది కావాలె అని దేవుడొచ్చి అడిగినా జవాబు చెప్పేటట్టు లేకుంటి.

కుట్లు విప్పే రోజు పొద్దుగాల ఆటోల బయలెల్లినం. గుంత వచ్చినప్పుడల్ల యాదవ్వ నా కడుపు మీద చెయ్యి అడ్డం పెడుతుండె. ఆ చెయ్యి నా కుట్లను కాపాడుతున్నదా, ఇంకేమన్న మూసిపెడుతున్నదా అని ఆలోచన చేసుకుంట పోయిన. ఇన్నేండ్లు ఆమె చేతి అన్నం తిన్నోనికి ఆ చెయ్యి మీదనే అనుమానం పుడితే మెతుకు ఎట్ల దిగుతది?

"చెమట పడుతున్నది గదయ్యా నీకు."

"ఎండ."

"ఎండేడిది? మబ్బు పట్టి ఉన్నది."

"నాకు పడుతున్నది ఎండ. నీకు మబ్బు."

ఆమె చేతిల ఉన్న మందుల కవరును మడిచింది, విప్పింది, మళ్ల మడిచింది.

గేటు కాడ రఘుపతి నిలబడి ఉండె, థియేటర్‌ల ఏసుకునే పచ్చబట్టలతోని. పండ్లన్ని కనవడేటట్టు నవ్విండు. "రా బావా రా. ఇయ్యాల మత్తు లేదు, సినిమా లేదు. మొత్తం తెలివి మీదనే నడుస్తది."

"ఊకో రా. ఆయనతోని పరాచికాలు ఏంది" అన్నది యాదవ్వ. మాటైతే కోపంగనే ఉన్నది. పెదవుల కొసలు మాత్రం తమ్ముని దిక్కు నవ్వుతున్నయి. లేకుంటే నాకు గట్ల కనవడ్డదో. ఆ దినాలల్ల నాకు ఎవ్వల మొకం చూసినా గట్లనే కనవడుతుండె.

డ్రెస్సింగ్ రూము అంటే ఒక ఇనుప మంచం, ఒక పరదా, ఒక బల్ల. బల్ల మీద స్టీలు పళ్లెంల కత్తెర, చిమ్టాలు. పండుకో అన్నడు రఘుపతి. ఎల్లెలకల పండుకోవాలె. ఆపరేషన్ అయినకాడికెల్లి నేను ఎల్లెలకల పండుకోలే. ఒక్క పక్కకు ఒరిగే నిద్ర, అది గూడ దుప్పటి మొకం మీదికి రావద్దు. వంటింట్ల యాదవ్వ చేతిలకెల్లి గంటె జారిపడితే నా పెయ్యంత గడ్డకట్టేది. అసొంటోన్ని, మీద ట్యూబులైటు పెట్టి, పక్కన స్టీలు సామాను చప్పుడు చేసుకుంట, పండుకో అంటే ఎట్ల పండుకుంట? కూసున్న. మంచం పట్టెను రెండు చేతులతోని పట్టుకున్న.

"బావకు జర భయం" అని పరదా అవతలికి చెప్పిండు వాడు. ఎవరికి చెప్పిండో చూస్తే ఒక పెద్దమనిషి సిస్టరు లోపటికి వచ్చింది. తల నెరిసింది. కండ్లద్దాలకు నల్లదారం కట్టి మెడల ఏసుకున్నది. ఇన్ని దినాలు నాకు కట్టు కట్టింది వేరే పిల్ల. ఈమె శివమ్మ, థియేటర్ సిస్టరు, చర్చి వెనక ఉండే మనిషి. ఆ పిల్ల సెలవు పెట్టిందని ఈమె వచ్చింది.

చేతులు కడుక్కొని నా భుజం మీద చెయ్యి పెట్టి, "మెల్లగ ఒరుగు నాయినా. ఊపిరి బిగపట్టకు, ఇడువు" అన్నది.

 ఆ గొంతు నేను విన్న. ఎక్కడ విన్ననో గూడ ఎరుకే. కానీ ఆ ముక్క నేను ఎవ్వలికి చెప్పలే, యాదవ్వకు గూడ. ఎందుకంటే నాకే అది అచ్చంగ కల లెక్క ఉండె. బల్ల మీద, ఆ నొప్పిల, ఎవరో ఆడామె నా చెవికాడికి వంగి గుసగుసగ ఏందేందో చెప్పింది. ప్రభువా అన్నది. నా పేరు అన్నది. ఎవరో కొడుకు అన్నది, జైలు అన్నది. నాకు గసొంటి మనుషులు ఎవ్వలు ఎరుక లేరు. అది బయట చెప్తే రఘుపతి గాని మాటకు నేనే ముద్దర గుద్దినట్టు అయితదని మింగి ఊకున్న.

నేను ఒరిగిన. శివమ్మ అంగి పైకి జరిపి కుట్ల మీద మందు పూసింది. సల్లగ తాకింది.

రఘుపతి పరదా పట్టుకొని నిలబడే ఉండె. వానికి ఊకుండుడు రాదు. "సిస్టరమ్మా, మీ ఫిలిప్ మస్కట్‌కెల్లి నాకు అత్తరు సీసా పంపుతనన్నడు గద. ఏమాయె మరి?"

"వానికి సెలవు దొరకలే" అన్నది ఆమె, తల ఎత్తకుండ.

"క్రిస్మస్‌కన్న వస్తడా?"

"చూడాలె."

"వస్తె చెప్పుండ్రి, పోయి పట్టుకుంట." వాని జేబుల ఫోను మోగింది. దాన్ని చూసుకుంట బయటికి పోయిండు.

ఫిలిప్. చెవిల ఆడామె చెప్పిన పేరు అదే.  నాకు అప్పుడు సంబురమైందో భయమైందో ఇప్పటికీ చెప్పరాదు. ఒకటి మాత్రం ఎరుక, ఆ నిమిషం దాక నన్ను నేనే నమ్మలే.

శివమ్మ చిమ్టాతోని మొదటి కుట్టును లేపి కొసను కత్తిరించింది. దారం గుంజుతుంటె చర్మం కింద పురుగు పారినట్టు అయింది.

"సిస్టరమ్మా" అన్న మెల్లగ.

"నొప్పి లేస్తున్నదా?"

"ఫిలిప్ మస్కట్ల లేడు. కంది జైల్ల ఉన్నడు."

ఆమె చెయ్యి ఆగింది. చిమ్టా కొసకు నా దారం ఏలాడుతున్నది. పరదా దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. 

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"మీరే."

"నేనా? నిన్ను ఇయ్యాలనే చూస్తున్న."

"మీరు నన్ను ముందుగాల్నే చూసిండ్రు. నేను మిమ్ముల చూడలే, అంతే." ఇంక నాకు ఆగరాలే. చెవిల పడ్డది పడ్డట్టే అప్పజెప్పిన. "ప్రభువా, ఈ ఎల్లంను నీ చేతులల్ల పెడుతున్న, బయట ఈయన భార్య కూసున్నది, ఆమె కన్నీళ్లు తుడువు. నా కొడుకు ఫిలిప్ కంది జైల్ల ఉన్నడు. మస్కట్ల ఉన్నడని సంఘమంత నమ్మింది, పాస్టరయ్య గూడ వాని కోసం ప్రార్థన చేసిండు. ఆ అబద్ధం నాది, వానిది గాదు. ములాఖత్‌కు పోతే మొకం తిప్పుకుంటున్నడు, ఒక్కసారి నా దిక్కు చూడనియ్యి."

ఆమె గోడ పొంటి ఉన్న స్టూలును కాలుతోని గుంజుకొని కూసున్నది. కండ్లద్దాలు తీసి చీర కొంగుకు తుడిచింది. మళ్ల పెట్టుకోలే. ఒళ్లె పెట్టుకున్నది.

"నువ్వు నిద్రల లేవా?"

"లేను."

"మొత్తం విన్నవా?"

"మీది విన్న. మీకంటె ముందు ఇంకొకలది గూడ విన్న."

 బయట వరండాల ఎవరో పసిపిల్ల ఏడుస్తున్నది, ఎవరో సముదాయిస్తున్నరు.

"ప్రార్థన చేస్తనంటే అందరికి నచ్చది, ఎల్లన్నా" అన్నది ఆఖరికి. "ఒకసారి పెద్ద లొల్లి అయింది. థియేటర్‌ల గవన్ని వద్దని సర్జన్ సారు గట్టిగ చెప్పిండు. అందుకని మనిషికి మత్తెక్కినంక చేస్తుంటి, చెవిల, ఎవ్వలికి వినవడకుండ. మొదలు పేషెంట్ కోసమే చేస్తుంటి. ఫిలిప్ గట్ల అయినంక వాని సంగతి గూడ నోట్లెకెల్లి వచ్చుడు మొదలువెట్టింది. చర్చిల మోకాళ్లేస్తే పక్కన మనుషులు. ఇంట్ల గోడకు చెప్పుకుందమంటే అవతల మనుషులు. నిద్రపోయిన మనిషి చెవి ఒక్కటే దొరికింది నాకు."

పాపం అనిపియ్యాలె. అనిపియ్యలే. ఇన్ని దినాలు పిచ్చోడనిపిచ్చుకున్నోనికి పాపం అనే మాట అంత తొందరగ రాదు.

"నా చెవి దొరికింది గని నేను దొరకలేనా? నాకు మెలకువ ఉన్నదని మీకు తెల్వదా?"

"తెలిసింది. జరసేపటికి." ఆమె గొంతు తగ్గిచ్చింది. "నీ కండ్ల మీద ప్లాస్టర్ ఉండె. ప్రార్థన చేసి లేస్తుంటె ప్లాస్టర్ కిందికెల్లి నీళ్లు కారుతున్నయి. నాడి ఉరుకుతున్నది. మిషన్ దిక్కు చూస్తే డబ్బా ఎండిపోయి ఉన్నది."

"డబ్బా ఏంది?"

"మత్తు రెండు తీర్లు. కాళ్లు చేతులు కదలకుండ పండుకోబెట్టేటందుకు ఒక సూది. తెలివి పొయ్యేటందుకు గ్యాస్. ఆ గ్యాస్ వచ్చే డబ్బాల మందు పోస్తుండాలె. మందు అయిపోతే తెలివి వస్తది. సూది మాత్రం పనిచేస్తనే ఉంటది."

అర్థమైంది. మోటరు జామై కరెంటు వస్తనే ఉంటే వైండింగ్ కాలుతది. బయటికి ఏం కనవడది, లోపల మాత్రం తీగ తీగ నల్లబడుతది. నేను గట్ల కాలిన.

"డబ్బా చూసుడు ఎవరి పని?"

"మత్తు డాక్టరుది. ఆయన కత్తి పెట్టిన కాసేపటికే బయటికి పోయిండు. రామాయంపేటల ఇంకో కేసు ఉన్నదన్నడు. చిన్న దవఖానలకు ఒక్క మత్తు డాక్టరే నాలుగు దిక్కుల తిరుగుతడు, మాకది కొత్త గాదు. చూస్తుండు, తగ్గితే మందు పొయ్యి అని మీ బామ్మర్దికి అప్పజెప్పి పోయిండు."

"వాడు?"

"ఫోన్ మాట్లాడుకుంట కిటికీ దిక్కు తిరిగిండు."

నేను నవ్విన. కుట్ల మీద నవ్వితే ఎట్లుంటదో కోసుకున్నోళ్లకే ఎరుక. నా భూమి అమ్మే ముచ్చట్ల వాడు డబ్బా దిక్కు చూడలే. చూడలే గనకనే నాకు మెలకువ వచ్చింది. ఫోను జేబుల పెట్టుకొని వాని పని వాడు చేసుంటే, నేను హాయిగ నిద్రపోయి, లేసి, వానికే దండం పెట్టి ఇంటికి పోయేటోన్ని.

"ఏం మాట్లాడిండు వాడు ఫోన్ల?"

"నాకు మొత్తం వినరాలే. అక్క అన్నడు, కారు అన్నడు. ఇంట్లోళ్లతోని అనుకున్న."

"రిజిస్ట్రేషన్ అనలేదా?"

"విననిది విన్ననని చెప్ప, ఎల్లన్నా."

పరదా అవతల చెప్పుల చప్పుడైంది. "అయిందా సిస్టరమ్మా?" రఘుపతి గొంతు.

శివమ్మ ఉలిక్కిపడి లేసి కండ్లద్దాలు పెట్టుకున్నది. నేను ఊపిరి బిగపట్టిన. ఒక్క మాట చాలు ఆమె అననీకె, మీ బావకు మళ్ల ఏందో అయితున్నది రాండ్రి అంటే అయిపాయె.

"ఇంకా ఉన్నయి. ఒక కుట్టు లోపటికి పోయింది. నువ్వు పోయి ఆయన మందులు తెచ్చిపెట్టు" అన్నది.

"బావ ఏడుస్తలేడు గద?"

"నువ్వు లేకుంటే ఏడుస్తలేడు."

వాడు నవ్వుకుంట పోయిండు.  ఆమె ఇంకో కుట్టు పట్టింది. నొప్పి లేవకుండ తీసింది.

"సర్జన్ సారుకు ఎందుకు చెప్పలే? నా కన్నీళ్లు చూసినంక?"

"నేను ఒర్రితె మీ బామ్మర్ది ఉరికొచ్చి మందు పోసిండు. సర్జన్ సారు తల గూడ ఎత్తకుండ ఏమైంది అన్నడు. ఏం లేదు సార్ అన్నడు వీడు. నా దిక్కు చూసిండు. నేనేమనలే."

"ఎందుకనలే?"

"చెవుల దగ్గర నువ్వేం చేస్తున్నవు అంటే ఏం చెప్పాలె? కొలువు పోతది. నెలనెలా వాన్ని చూడనీకె జైలుకు పోవాలె నేను."

ఇంక నేను అసలుది అడిగిన.  "నా భార్య బయట కూసున్నదని మీరు ప్రార్థనల అన్నరు. చూసి అన్నరా, ఊకనే అన్నరా?"

ఆమె దారాన్ని పళ్లెంల ఏసింది. "అందరి భార్యలు కూసుంటరు గద. అలవాటుల అన్న."

"అంటే?"

"మా తాన ఒక రివాజు ఉన్నది. రాయి తీసినంక స్టీలు గిన్నెల ఏసుకొని బయటికి తీస్కపోయి ఇంటోళ్లకు చూపెట్టాలె. లేకుంటే తీయకనే తీసినమన్నరని పంచాది పెట్టుకుంటరు. నీది నేనే తీస్కపోయిన. ఎల్లం తాలూకా ఎవ్వలు అని పిలిచిన. రెండుమార్లు పిలిచిన. ఎవ్వలు రాలే. నిజాంపేట నుంచి బిడ్డ కానుపుకు వచ్చిన ముసలామె ఆడ కూసోని ఉండె. ఆ అమ్మ కారుల పోయింది, ఎవరో వచ్చి తీస్కపోయిండు అని చెప్పింది. గిన్నె పట్టుకొని మళ్ల లోపటికి వచ్చిన."

 "లేదు. యాదవ్వ రాళ్లు చూసింది. సిస్టరు తెచ్చి చూపెట్టిందని నాకు చెప్పింది. కంది గింజలంత ఉన్నయి, గుప్పెడు ఉండె అన్నది."

శివమ్మ నా దిక్కు చూసిన తీరు నేను మర్చిపోను. చచ్చినోళ్ల ఇంటోళ్లకు ఖబరు చెప్పే ముందు గట్ల చూస్తరు.

"గుప్పెడు లేవు నాయినా. ఒక్కటే రాయి. రేగ్గాయంత ఉండె."

ఇంక మిగిలిన కుట్లు ఎప్పుడు తీసిందో నాకు తెల్వది. పట్టీ అంటిచ్చి అంగి కిందికి గుంజి, "లే" అన్నప్పుడు సోయి వచ్చింది. నా లోపల ఉన్న చేదు నాలుక మీదికి వచ్చింది.

"నేను కేసు పెడ్త. మీరు చూసింది చూసినట్టు చెప్పాలె. చెప్తె మీ ఫిలిప్ మస్కట్లనే ఉంటడు."

ఆమె చేతులు కడుక్కుంటున్నది. నల్ల కట్టేసి నా దిక్కు తిరిగింది. "బెదిరిస్తున్నవా?"

నేను మంచం దిగి చెప్పులేసుకున్న.

"నువ్వు బెదిరియ్యకున్న చెప్త. బెదిరిస్తే చెప్ప. నీ చెవిల పడ్డదాన్ని ఏం చేసుకుంటవో నీ ఇష్టం." పరదా జరిపి తొవ్వ ఇచ్చింది. నేను పోతుంటె ఎనకకెల్లి, "గోడ పట్టుకొని నడువు" అన్నది.

వరండాల బెంచి మీద యాదవ్వ ఒక్కతే ఉన్నది. రఘుపతి మందుల దుకాణం నుంచి ఇంకా రాలే. నేను వచ్చుడు చూసి లేసి నా రెట్ట పట్టుకొని కూసోబెట్టింది.

"మొత్తం విప్పిండ్రా? నొప్పి లేసిందా?"

"లేవలే." గోడకు ఒరిగి కండ్లు మూసుకున్న. "యాదవ్వా, నా కడుపుల రాళ్లు ఎట్లుండె? మళ్లొకసారి చెప్పు."

"చెప్పిన గదా ఎన్నో మార్లు. కంది గింజలంత."

"గుప్పెడు."

"ఆఁ, గుప్పెడు."

"ఎవరు చూపెట్టిండ్రు?"

"సిస్టరు."

"ఏ సిస్టరు?"

 కండ్లు తెరిచి చూసిన. ఆమె పరదా దిక్కు చూస్తున్నది. శివమ్మ ఆ పళ్లెం పట్టుకొని మా ముందలికెల్లే పోయింది, మా దిక్కు తిరగలే.

"ఆమె ఆ నాడు గిన్నె పట్టుకొని నిన్ను పిలిచిందంట. గుప్పెడు లేవు. ఒక్కటే ఉండె. రేగ్గాయంత."

యాదవ్వ ఒర్రుతదనుకున్న. నా మీదికే లేస్తదనుకున్న, నీకు పిచ్చి ముదిరింది అంటదనుకున్న. అంటే బాగుండు అని గూడ అనుకున్న. ఆమె మందుల కవరును మెల్లగ బెంచి మీద పెట్టి, "నీకు నిజంగనే మెలకువ ఉండెనా అయితే?" అన్నది.

"ఉండె."

"కోస్తుంటె తెలిసిందా నీకు?"

"తెలిసింది."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఏడుపు చప్పుడు రాలే, భుజాలే ఎగిరినయి. ఆ ఏడుపు నా కోసమా, దొరికిపోయినందుకా అని నేను లెక్కలు తీస్తనే ఉన్న. గట్ల తయారుచేసిండ్రు నన్ను.

"ఎందుకు పోయినవు?"

"తమ్ముడు చెప్పిండు." కొంగులకెల్లే మాట్లాడింది. "అది రాయి గాదు అక్కా, గడ్డ అన్నడు. డాక్టర్లు బావకు చెప్పలేదన్నడు. కోసి చూసి మళ్ల కుట్టేస్తరు, అంతే, దినాలే ఉన్నయి అన్నడు. బావ పోయినంక దాయాది పాలోళ్లు భూమి మీద పడుతరు, ఇప్పుడే అమ్మి పైసలు చేసి పెట్టుకో, నేను జాగ్రత్త చేస్త అన్నడు. నువ్వు బతుకుతవని నాకెవ్వలు చెప్పలే."

"తెలివొచ్చి లేసి కూసున్న గద నేను. అప్పుడన్న చెప్పొచ్చు గద?"

"నువ్వు నడుసుడు చూసి తమ్మున్ని అడిగిన. ఇప్పుడు చెప్తె బావ గుండె పలుగుతది, కుట్లు విప్పెదాక ఆగు అన్నడు. పైసలు గూడ వాని తాననే ఉన్నయి." ఆమె నా మోకాలు మీద చెయ్యి పెట్టింది. నేను తీసెయ్యలే, పట్టుకోలే.

"బోరు కాడి మడి గూడనా?"

తల ఊపింది.

"ఎవరు కొన్నరు?"

ఆమె చెయ్యి నా మోకాలు మీద బిగుసుకున్నది. "నాకు అప్పుడు ఎరుక లేకుండె. నీ మీద ఒట్టు. ఎమ్మార్వో ఆఫీసుల కొన్నాయనను మొదటిసారి చూసిన. గబగబ వేలిముద్ర ఏసి, కేసు నడుమల ఇడిచిపెట్టి వచ్చిన, పోవాలె అన్నడు. ఎవరో పెద్దమనిషి అనుకున్న. నువ్వు కల సంగతి అడుగుతనని ఆ ఎదురు రూములకు పోయిన నాడు, తలుపు సందులకెల్లి చూస్తే కుర్చీల ఆయనే ఉండె."

వరండ ఆ కొసకు రఘుపతి వస్తున్నడు, చేతిల మందుల కవరు ఊపుకుంట. మా ఎదురుంగనే మత్తు డాక్టరు రూము, తలుపు సగం తెరిచి ఉన్నది. రేపటి ఆపరేషన్‌కు వచ్చిన ఎవరికో ఆయన లోపల ధైర్యం చెప్తున్నడు, ఏం తెల్వది, పండుకొని లేసినట్టే ఉంటది, నేను తలకాడనే ఉంట గద అని.

నేను బెంచి పట్టుకొని లేసిన. యాదవ్వ నా అంగి గుంజింది, "వద్దయ్యా, కుట్లు పచ్చిగున్నయి" అన్నది. ఆమె చేతిలకెల్లి అంగి ఇడిపిచ్చుకొని ఆ తలుపు మీద చెయ్యి ఏసిన. లోపల నవ్వుతున్న మనిషి పేరు కింద ఉన్నది ఇప్పుడు, కుల్చారం శివార్ల మా నాయిన నాకు పంచిచ్చి పోయిన నల్లరేగడి, బోరు మోటరుతోని, గట్టుతోని కలిపి, ఎకరం ఇరవై ఆరు గుంటలు.